ఫ్రిజ్‌లో ఏముందో ఫోన్‌కు తెలుస్తుందా?

గురువారం సాయంత్రం ఏ మధ్యతరగతి ఇంట్లో ఫ్రిజ్ తెరిచినా దాదాపు ఇదే కనిపిస్తుంది. పై అరలో చిన్న స్టీలు గిన్నెలో రెండు గరిటెల పప్పు. దాని వెనక మంగళవారం నాటి బెండకాయ వేపుడు. డబ్బా అడుగున పులిసిన దోసెల పిండి. కింద కూరగాయల ట్రేలో ఆదివారం రైతుబజారు నుంచి తెచ్చిన కొత్తిమీర కట్ట, కవరులోనే చెమ్మపట్టి నల్లబడుతూ ఉంటుంది. దాని పక్కనే ఇంకో కట్ట, మొదటిది ఉందన్న సంగతి మరిచిపోయి బుధవారం తెప్పించింది. పారేద్దామని ఎవరూ కొనలేదు, ఎవరూ వండలేదు. అయినా శనివారం ఫ్రిజ్ తుడిచేటప్పుడు ఇందులో సగం తడి చెత్త బుట్టలోకి పోతుంది.

ఈ వృథాను తగ్గిస్తామంటూ మొబైల్ యాప్‌లు పదేళ్లుగా వస్తున్నాయి. అయితే వాటిలో చాలా భాగం పుట్టిన వంటిళ్లు వేరు, మన వంటిళ్లు వేరు. ఆ తేడా ఎక్కడుందో చూస్తే, యాప్ ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో తేలిపోతుంది.

ముందు లెక్కలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. ఇందులో హోటళ్లు, క్యాంటీన్ల వాటా 28 శాతం, దుకాణాల వాటా 12 శాతం. మిగతా 60 శాతం ఇళ్లలోదే. ఇళ్లలో పోయేది ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు. భారతదేశంలో 55 కిలోలని, దేశం మొత్తానికి కలిపి 7.8 కోట్ల టన్నులని అదే నివేదిక అంచనా.

ఈ అంకె వార్తల్లో చాలాసార్లు వచ్చింది కానీ ఇలాంటి అంకెలు ఎలా పుడతాయో చెప్పినవాళ్లు తక్కువ. అంతకుముందు 2021 నివేదికలో మన దేశానికి వేసిన అంచనా 50 కిలోలు. దాని వెనక ఉన్నవి మూడే కొలతలు. ఒకటి ఉత్తరాంధ్రలోని రాజాంలో తూచింది, 58 కిలోలు. మిగతా రెండూ డెహ్రాడూన్‌వి. ఒక అధ్యయనంలో 73 కిలోలు తేలితే ఇంకోదానిలో 20 తేలింది. ఒకే ఊళ్లో మూడున్నర రెట్లు తేడా! ఈ మూడింటి సగటే దేశం మొత్తానికి లెక్క అయింది. కాబట్టి ఈ అంకెల్ని సుమారు దిశ చూపే బోర్డులా చూడాలి తప్ప తక్కెడలో తూచినట్టు నమ్మకూడదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ లెక్కలో తినగలిగినవే కాకుండా అరటి తొక్కలు, ఎముకలు, మామిడి టెంకలు కూడా కలిసి ఉంటాయి. నలుగురున్న ఇంటికి మనిషికి 55 కిలోల చొప్పున ఏడాదికి 220 కిలోలు, అంటే రోజుకు 600 గ్రాములు. సొరకాయ చెక్కు, ఉల్లిపొట్టు, బత్తాయి తొక్కలు, చేప ముళ్లు, ఇవన్నీ పోగా మిగిలేదే అసలు వృథా. రాత్రి మిగిలిన అన్నం, తెల్లారేసరికి పాచిపోయిన కూర, అడుగున నలిగి కుళ్లిన టమాటాలు. యాప్ ఏమైనా తగ్గించగలిగితే దీన్నే తగ్గించాలి. తొక్కల్ని ఏ యాప్ తగ్గించలేదు. బీరకాయ తొక్కుతో పచ్చడి చేసే ఇల్లయితే అది వేరే సంగతి.

ఇక యాప్‌ల విషయానికొస్తే, పేరు మోసిన వాటికి ఇంటి వృథాతో నేరుగా సంబంధమే లేదు. 2015లో డెన్మార్క్‌లో మొదలైన టూ గుడ్ టు గో యాప్ బేకరీల్లో, హోటళ్లలో రోజు చివరికి మిగిలినదాన్ని సంచిలో కట్టించి, అసలు ధరలో దాదాపు మూడో వంతుకు అమ్మిస్తుంది. సంచిలో ఏముందో కొనేవాళ్లకు ముందు తెలియదు. దుకాణానికి లాభమే, దుకాణం చెత్తా తగ్గుతుంది. ఆ సంచి ఇంటికి వెళ్లాక నాలుగు బన్నుల్లో రెండు పారేస్తే మాత్రం ఆ లెక్క ఎవరూ అడగరు. మన దగ్గర 2024 నవంబరులో జొమాటో మొదలుపెట్టిన ఫుడ్ రెస్క్యూ కూడా కొంచెం ఇలాంటిదే. రద్దయిన ఆర్డరును ఆ దగ్గర్లో ఉన్న ఇంకొకరికి తక్కువ ధరకు ఇస్తుంది. నెలకు 4 లక్షలకు పైగా ఆర్డర్లు రద్దవుతున్నాయని అప్పట్లో ఆ కంపెనీయే చెప్పింది. ఇదంతా మంచి పనే. కానీ మన ఫ్రిజ్‌లోని పప్పు గిన్నెకు దీనితో పనేమీ లేదు.

ఇళ్ల మధ్య పంచుకోవడానికి పుట్టిన యాప్ ఓలియో. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన టెస్సా క్లార్క్ స్విట్జర్లాండ్‌లో ఇల్లు ఖాళీ చేస్తుండగా, మిగిలిన తిండి పారెయ్యమని సామాన్లు సర్దేవాళ్లు చెప్పారట. ఆమెకు మనసొప్పక ఎవరికైనా ఇద్దామని వీధిలోకి వెళ్లింది. ఆ అనుభవంలోంచి పుట్టిన యాప్ 2015లో లండన్‌లో మొదలైంది. ఎవరి దగ్గర ఏం ఎక్కువైతే దాని ఫొటో పెడతారు, చుట్టుపక్కలవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు.

ఇది మన అపార్టుమెంట్లలో నడుస్తుందా? పక్కింటికి గిన్నె పంపడం మనకు కొత్త కాదు. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్న పట్టింపు కూడా చాలా ఇళ్లలో ఉంది. అయితే ఆ గిన్నెలో వెళ్లేది అప్పుడే దించిన గుత్తి వంకాయ కూర, పండగనాటి బొబ్బట్లు. మిగిలింది పంపితే అది మర్యాద కాదు, అవమానం. ఎవరింట్లో వండింది ఎవరు తింటారన్న కులం పట్టింపు ఇప్పటికీ పోలేదు. ఆ మాట అపార్టుమెంటు గ్రూపులో ఎవరూ అనకపోవచ్చు, అంతే. ఇక మిగిలిన అన్నం, కూర చాలా ఇళ్లలో పొద్దున పనికి వచ్చే మనిషి చేతికి వెళ్తుంది. ఇంటివాళ్ల లెక్కలో అది వృథా కాదు. తీసుకెళ్లిన మనిషి దాన్ని తిన్నదా, సందు చివర కుక్కలకు పెట్టిందా అని అడిగినవాళ్లూ లేరు. ఏ సర్వేకూ దొరకని వృథా ఇది. పంచే యాప్ పెట్టుకున్నంత మాత్రాన ఈ ముడి విడిపోదు. కోయంబత్తూరులో 2014లో మొదలైన నో ఫుడ్ వేస్ట్, అదే ఏడాది ఢిల్లీలో పుట్టి హైదరాబాద్ దాకా వచ్చిన రాబిన్‌హుడ్ ఆర్మీ లాంటి సంస్థలు పెళ్లిళ్లలో, హోటళ్లలో మిగిలినదాన్ని ఆకలిగా ఉన్నవాళ్లకు చేరుస్తాయి. గిన్నెడు పప్పు కోసం వాళ్లూ రాలేరు.

అచ్చంగా ఇంటి వృథా కోసమే చేసిన యాప్‌లు ఇంకో రకం. వీటిది స్టోర్‌రూమ్ గుమాస్తా పని. కొన్న వస్తువుల్ని ఎక్కించుకుని, ఫ్రిజ్‌లో ఏముందో, అల్మారాలో ఏముందో జాబితా చూపించి, గడువు దగ్గరపడగానే ఫోన్ మోగిస్తాయి. డెన్మార్క్ యాప్ నోవేస్ట్‌లో బార్‌కోడ్ స్కాన్ చేయొచ్చు. బ్రిటన్ యాప్ కిచీ సూపర్ మార్కెట్ బిల్లును ఫొటో తీస్తే చదువుకుంటుంది. వినడానికి ఎంతో సుఖంగా ఉంటుంది. చిక్కంతా ఆ బార్‌కోడ్‌లోనే ఉంది.

ప్యాకెట్ మీది బార్‌కోడ్‌లో ఉండే 13 అంకెలు ఆ వస్తువు ఏమిటో మాత్రమే చెప్తాయి. 890తో మొదలైతే అది బార్‌కోడ్ నంబర్లు కేటాయించే జీఎస్1 సంస్థ భారత విభాగం, జీఎస్1 ఇండియా ఇచ్చిన నంబరని అర్థం. ఆ ప్యాకెట్ ఎప్పుడు తయారైందో, ఎప్పటిదాకా బాగుంటుందో అందులో ఉండదు. నిన్న వచ్చిన పెరుగు ప్యాకెట్‌కూ, వారం కిందట గడువు దాటిన పెరుగు ప్యాకెట్‌కూ కోడ్ ఒకటే. కాబట్టి స్కాన్ చేసి ఊరుకుంటే చాలదు, తేదీని మనమే ఎక్కించాలి. ఆ తేదీ ఎక్కడుంటుంది? కవరు మడతలో, చుక్కలు చుక్కలుగా, సగం చెరిగిన ఇంకుతో ఉంటుంది. తేదీ, బ్యాచ్ నంబరు కూడా ఇమిడే క్యూఆర్ తరహా కోడ్‌ల్ని 2027 చివరికల్లా దుకాణాల కౌంటర్లలో చదవగలిగేలా చేయాలని జీఎస్1 ప్రపంచవ్యాప్తంగా ప్రయత్నిస్తోంది. అవి వచ్చాక ఈ యాప్‌ల పని నిజంగా తేలికవుతుంది. అప్పటిదాకా గుమాస్తా పని మనదే, యాప్ ఒట్టి దస్త్రం.

తేదీల్లోనూ రెండు రకాలున్నాయి. యూజ్ బై లేదా ఎక్స్‌పైరీ దాటితే వాడకూడదు. బెస్ట్ బిఫోర్ దాటితే రుచి, కరకరలాడే గుణం తగ్గొచ్చు, అంతే. మన ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబుల్ నిబంధనల్లో ఎక్స్‌పైరీ తేదీని తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్‌ను కంపెనీల ఇష్టానికి వదిలింది. చాలా యాప్‌లలో తేదీకి ఉండేది ఒకటే గడి. అందులో ఏది ఎక్కించినా గడువు దాటగానే ఎర్రగా మారుతుంది. ఎర్రగా కనపడగానే టెన్షన్ పడి బాగున్న బిస్కెట్ ప్యాకెట్‌నూ పారేసేవాళ్లుంటారు. వృథా తగ్గిస్తుందనుకున్న యాప్ దాన్ని పెంచే దారి ఇది.

అసలు మన ఇళ్లలో పారేసేది ప్యాకెట్లు కాదు. కందిపప్పు, బెల్లం, పోపు దినుసులు నెలల తరబడి నిలవుంటాయి. పోయేవి ఆకుకూరలు, కూరగాయలు, వండిన వంట. వీటికి బార్‌కోడ్ లేదు, బిల్లు లేదు. తోపుడు బండి దగ్గర కొన్న తోటకూర కట్టను యాప్‌లో ఎక్కించాలంటే పేరు టైప్ చేయాలి, తేదీ ఊహించాలి. చుక్కకూర, గోంగూర, బచ్చలికూర ఎన్నాళ్లుంటాయో విదేశీ యాప్‌ల పట్టికల్లో వెతకడం దండగ. వాటిలో పాలకూర దొరికితే అదే గొప్ప.

ఇక అన్నం సంగతి. తెలుగు ఇంట్లో వృథాకు అసలు కీలకం ఇక్కడే ఉంది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుకు సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. ఉడికాక అది రెండున్నర, మూడు రెట్లవుతుంది. అంటే ఒక్క కప్పు ఎక్కువ పోస్తే 400 గ్రాముల అన్నం మిగులుతుంది. పైన వేసుకున్న లెక్కలో నలుగురున్న ఇంటి రోజు వాటాలో మూడింట రెండు వంతులు ఆ ఒక్క కప్పే.

ఆ కప్పు ఎందుకు ఎక్కువ పడుతుంది? సాయంత్రం ఏడింటికి కుక్కర్ పెట్టేటప్పుడు రాత్రికి ఎంతమంది తింటారో వంట చేసే మనిషికి తెలియదు కాబట్టి. ఆఫీసు నుంచి వచ్చే కొడుకు దారిలో ఏదో తిని వస్తాడు. కూతురు కాలేజీ ఫంక్షన్‌లో బిర్యానీ తిన్నానని తొమ్మిదింటికి చెప్తుంది. ఇంటాయన షుగర్ అని ఆ రోజే చపాతీ మొదలుపెడతాడు. చివరికి ఆమె ఒక్కతే అన్నం గిన్నె ముందు కూర్చుంటుంది. ఇందులో మరుపు లేదు, అజాగ్రత్త లేదు. సమాచారం సమయానికి అందలేదు, అంతే. దీనికి గడువు తేదీల యాప్ ఏమీ చేయలేదు. అందరి ఫోన్లలోనూ ఇప్పటికే ఉన్న వాట్సాప్ చేయగలదు. సాయంత్రం ఆరింటికి ఇంటి గ్రూపులో "రాత్రికి ఇంట్లో తినేవాళ్లెవరు?" అని ఒక పోల్ పెట్టి, ఏడులోపు జవాబు ఇవ్వనివాళ్లకు అన్నం ఉండదని ఒక్కసారి గట్టిగా చెప్తే చాలు. వందమందికి వండే హాస్టల్ మెస్‌లో ముందుగా లెక్క అడగడం ఎంత అవసరమో నలుగురికి వండే ఇంట్లోనూ అంతే అవసరం. కాకపోతే ఇంట్లో అమ్మను అడగనివ్వరు, అడిగితే విసుక్కుంటారు.

మిగిలినవాటితో ఏం వండుకోవచ్చో చెప్పే యాప్‌లూ ఉన్నాయి. సూపర్‌కుక్‌లో ఇంట్లో ఉన్న వస్తువులు టిక్ పెడితే వాటితో చేసుకునే వంటలు చూపిస్తుంది. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌ను తెలుగులో అడిగినా చెప్తుంది. నిజానికి మనకు అన్నిటికంటే తక్కువ అవసరం ఈ సలహాలే. మిగిలిన అన్నం పొద్దున తాలింపన్నం అవుతుంది, నిమ్మకాయ పులిహోర అవుతుంది, పెరుగు కలిపి రాత్రే తోడుపెడితే ఉల్లిపాయతో చద్దన్నం అవుతుంది. పులిసిన దోసెల పిండి పునుగులకు పనికొస్తుంది. పుల్లటి పెరుగుతో మజ్జిగ పులుసు కాస్తారు. మిగిలిన ఇడ్లీలు చిదిమి ఉప్మా చేస్తారు. ఈ విద్య తెలియని వంటిల్లు తక్కువ. తెలిసినా పిండి ఎందుకు పోతోందంటే, అది ఫ్రిజ్‌లో ఉందన్న సంగతి సాయంత్రం ఐదింటికి, టిఫిన్ ఏం చేద్దామా అనుకునే ఆ క్షణంలో గుర్తుకు రాదు. యాప్ చేయగలిగిన ఒక్క మేలు ఆ సమయానికి ఆ మాట గుర్తు చేయడం. పొద్దున పదింటికి, ఆఫీసులో మీటింగ్ మధ్యలో మోగే అలర్ట్ ఎవరికీ పనికిరాదు. అలర్ట్ సమయం మార్చుకునే వీలుందా అన్నది యాప్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సిన సంగతి.

ఇక్కడే ఒక జాగ్రత్త. అమెరికా వ్యవసాయ శాఖ, కార్నెల్ విశ్వవిద్యాలయం, అక్కడి ఆహార వ్యాపారుల సంఘం కలిసి 2015లో తెచ్చిన ఫుడ్‌కీపర్ యాప్‌లో ఏ పదార్థం ఎన్నాళ్లుంటుందో పట్టికలున్నాయి. ఉచితం, నమ్మదగినది. ఫ్రిజ్‌లో పెట్టిన వండిన పదార్థాలు మూడు నాలుగు రోజులు ఉంటాయన్నది అక్కడి మామూలు లెక్క. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టారని, ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల చల్లదనం ఉందని అనుకుని వేసిన లెక్క అది. మే నెల విజయవాడలో మధ్యాహ్నం వండిన కూర రాత్రి పదింటిదాకా స్టవ్ గట్టు మీదే ఉంటే, మధ్యలో కరెంటు రెండు గంటలు పోతే ఆ మూడు రోజుల లెక్క చెల్లదు. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఒక విషాన్ని వదులుతుంది, మళ్లీ వేడి చేసినా అది పోదు. పెరుగు తోడుపెట్టిన చద్దన్నంలో పులుపు పెరిగే కొద్దీ ఇలాంటి క్రిములకు అడ్డుకట్ట పడుతుంది. గిన్నెలో మూతపెట్టి వదిలేసిన ఉత్త అన్నానికి ఆ రక్షణ లేదు. వృథా చేయకూడదన్న పట్టుదలతో కడుపు పాడుచేసుకోవడం పొదుపు కాదు.

ఈ యాప్‌లు నిజంగా బాగా అమరే తెలుగు ఇళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నాయి. వారానికోసారి కాస్ట్‌కో అనే టోకు దుకాణానికి వెళ్లి గ్యాలన్ల కొద్దీ పాలు, పెద్ద సంచి ఉల్లిపాయలు, డజన్ల కొద్దీ గుడ్లు తెచ్చుకునే చోట అన్నిటికీ ప్యాకెట్ ఉంటుంది, బార్‌కోడ్ ఉంటుంది, బిల్లు ఉంటుంది. ఫ్రీజర్ అడుగున ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు కూడా. అక్కడ తేదీల గందరగోళం ఇంకా ఎక్కువ. పసిపిల్లల ఫార్ములా పాలకు తప్ప మిగతా ఆహారానికి తేదీ వేయాలని దేశవ్యాప్త చట్టం లేదు, ఎవరికి తోచిన మాట వాళ్లు ముద్రిస్తారు. అందుకే కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి, కొనేవాళ్లకు కనపడేలా 'సెల్ బై' (దుకాణం ఈ తేదీలోపు అమ్మాలి) అని ముద్రించడాన్ని 2026 జులై 1 నుంచి నిషేధించింది. అలాంటి ఇంట్లో ఫ్రీజర్ జాబితా ఒక్కటి యాప్‌లో పెట్టుకున్నా ఫలితం కనిపిస్తుంది. అమ్మ వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చిన కారప్పొడులు, ఆవకాయ మాత్రం ఏ స్కానర్‌కూ చిక్కవు. వాటికి గడువు అవి అయిపోయేదాకానే.

ఇక్కడైనా అక్కడైనా యాప్ ఎందుకు మూలపడుతుందో చూస్తే కారణం సాంకేతికం కాదు. వస్తువు తెచ్చేది ఒకరు, వండేది ఒకరు, పారేసేది ఒకరు. యాప్ మాత్రం ఒక్కరి ఫోన్‌లోనే ఉంటుంది. చాలా ఇళ్లలో వంట చేసే మనిషి మీదే ఈ పని కూడా పడుతుంది. చేతికి పిండి అంటుకుని ఉండగా "కొత్తిమీర, ఒక కట్ట, మూడు రోజులు" అని టైప్ చేసే ఓపిక ఎన్నాళ్లుంటుంది? మొదటి వారం ఉత్సాహం, రెండో వారం బద్ధకం, మూడో వారానికి జాబితాలో లేని వస్తువులు ఫ్రిజ్‌లో, ఫ్రిజ్‌లో లేని వస్తువులు జాబితాలో. ఇంకో సంగతి, ఇంటి సరుకుల జాబితా వ్యాపారులకు బంగారం లాంటిది. ఉచితంగా వచ్చే యాప్ ఆ జాబితాను ఏం చేస్తుందో దాని నిబంధనల్లో ఒకసారి చూసుకోవాలి.

అందుకే పనిని తిరగేసి చేయడం మేలు. కొన్నవన్నీ ఎక్కించకుండా, పారేసినవి మాత్రమే రాయాలి. రోజుకు రెండు మూడు మాటలు, అంతే. పెద్ద యాప్ కూడా అక్కర్లేదు. గూగుల్ కీప్‌లో ఇంట్లో అందరూ చూసే ఒక నోట్ పెట్టుకుంటే, తెలుగులో మాట్లాడినా రాసుకుంటుంది. బుట్టలో వేసే ముందు ఏమిటి, ఎంత, ఎందుకు అని చెప్పాలి. "అన్నం, రెండు గుప్పిళ్లు, చిన్నాడు రాలేదు." "కొత్తిమీర, ముప్పావు కట్ట, మరిచిపోయాం." "వంకాయలు మూడు, ఆఫర్‌లో ఎక్కువ తెచ్చాం." మూడు వారాలు ఇలా రాస్తే ఇంటి జాతకం బయటపడుతుంది. ఒక ఇంట్లో ఆదివారం కూరగాయల సంచి బరువు కారణమవుతుంది, ఇంకో ఇంట్లో బుధ, శుక్రవారాల రాత్రి అన్నం. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లలో డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి బుట్టలో వేసిన అరడజను నిమ్మకాయలు మరో ఇంట్లో తేలొచ్చు.

కారణం తెలిశాక చేయాల్సింది చిన్నది. ఆదివారం సంచి పెద్దదైతే ఆకుకూరలు ఆ రోజు మానేసి వారం మధ్యలో ఒక కట్ట తెచ్చుకోవడం. కొత్తిమీర వేళ్లు కోసి పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టడం. ఉల్లిపాయల్నీ బంగాళదుంపల్నీ ఒకే బుట్టలో వేయకపోవడం. మిగిలినవన్నీ ఫ్రిజ్ పై అరలో, గాజు గిన్నెలో, కళ్లకు ఎదురుగా పెట్టడం. మూత పెట్టిన స్టీలు గిన్నెలో ఏముందో తీసి చూస్తే తప్ప తెలియదు, తీసి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. మూడు వారాలయ్యాక ఆ నోట్‌ను చెరిపేసినా నష్టం లేదు. ఆరింటికి పెట్టే పోల్ మాత్రం ఉండాలి, దానికి కొడుకు ఏడులోపు జవాబు ఇవ్వాలి.